‘ఏదీ తెలుసుకోవాలనుకోడు’ – దీనికి మాట ఏది?

ఏదీ అడగని, ఏదీ తెలుసుకోవాలనుకోని మనిషి గుణాన్ని ఒక్క మాటలో ఏమనాలి అని ఒక మిత్రుడు అడిగారు. జవాబుల్లో నిర్లిప్తత, ఉదాసీనత, ఉపేక్ష, అనాసక్తి వచ్చాయి. నాలుగూ మంచి మాటలే, కానీ అడిగినదానికి ఏదీ అతకదు.

లిప్తం అంటే పూసినది, అంటుకున్నది. నిర్లిప్తుడు ఏదీ అంటనివాడు. గీతలో తామరాకు మీద నీటిబొట్టు గురించి చెప్పిన చోట (5-10) ‘లిప్యతే’ అన్నది కూడా ఈ ధాతువే. నిర్లిప్తుడికి సంగతి పూర్తిగా తెలిసి ఉండొచ్చు, తెలిసీ అంటించుకోడు. ఉదాసీనుడు ఏ పక్షానా చేరకుండా ఎడంగా కూర్చున్నవాడు. కృష్ణుడు తన గురించే ‘ఉదాసీనవదాసీనమ్’ (9-9) అన్నాడు. ‘అధికారుల ఉదాసీనత’ అని పేపర్లో చదివినప్పుడు ఆ గౌరవం గుర్తుకైనా రాదు. ఉపేక్షకు ఇంకా అన్యాయం జరిగింది. యోగసూత్రాల్లో మైత్రి, కరుణ, ముదిత (ఎదుటివారి మేలుకు సంతోషించడం) అనే వాటి సరసన నిలిచిన గుణం, ఇప్పుడు ‘ఉపేక్షించేది లేదు’ అనే హెచ్చరికలకే పనికొస్తోంది. ఇక అనాసక్తి. గాంధీ తన గీతానువాదానికి ‘అనాసక్తి యోగం’ అని పేరు పెట్టారు. అది పుస్తకంగా వచ్చింది 1930లో, ఉప్పు సత్యాగ్రహం జరిగిన ఏడాదే! ఫలం మీద ఆశ లేకపోవడమే అక్కడ అనాసక్తి, పని మీద ఇష్టం లేకపోవడం కాదు.

ఇవన్నీ మనసు అంటకపోవడం గురించిన మాటలు. తెలుసుకోవాలనే కోరిక వేరు, దాని పేరు జిజ్ఞాస. ‘అజిజ్ఞాస’ అని వ్యతిరేకపదం కట్టొచ్చు గానీ మాటల్లో ఎవరూ అనరు.

నా ఓటు మన ‘పట్టదు’కే. ‘వాడు పట్టించుకోడు’ అంటే చూశాడు, వదిలేశాడు. ‘వాడికి పట్టదు’ అంటే సంగతి మనసు దాకా పోనే లేదు. కర్త స్థానంలోంచి మనిషి జరిగి ‘వాడికి’ కావడంలోనే తేడా అంతా ఉంది. ‘నాకెందుకులే’ అనేవాడు కూడా వేరు, అతనికి విషయం తెలుసు, చిక్కుల్లో పడటం ఇష్టం లేదు. ‘నిమ్మకు నీరెత్తినట్టు’ చలనం లేకపోవడం గురించి చెబుతుంది, కుతూహలం గురించి కాదు.

ఒక్క జాగ్రత్త. క్లాసులో ప్రశ్న వేయని పిల్లవాడి మీద ఈ మాట వేసేయకండి. టీచరు కసురుతారన్న భయంతోనూ నోరు మెదపకపోవచ్చు. అతన్ని ‘అడగడు’ అంటే చాలు, ‘పట్టదు’ అనడం తీర్పు.

‘పట్టనితనం’ అని నామవాచకం చేస్తే మీ చెవికి ఎలా ఉంది? మీ వైపు దీనికి వేరే మాట ఉంటే, వాడే సందర్భంతో సహా రాయండి.