సమస్యాపూరణం: పాలు పొంగిపోవఁ బడఁతి మురిసె

వసారా (నిర్వహణ):
ఈ వారం సమస్య వంటింట్లోంచే తెచ్చాను. ఈ ఆటవెలది పాదం నాలుగోదిగా వచ్చేలా, అర్థం కుదిరేలా పద్యం పూరించాలి.

ఆ.వె.
*పాలు పొంగిపోవఁ బడఁతి మురిసె*

గిన్నె ముందు నిలబడి చూస్తున్నంతసేపూ కదలని పాలు, పేపరు మడత విప్పేలోగా స్టవ్వంతా పరుచుకోవడం ఎరగని ఇల్లుండదు. బర్నరు చిల్లులు మూసుకుపోతాయి, మంట పసుపుపచ్చగా వస్తుంది, గుండుసూది పట్టుకుని కూర్చోవాలి. మరి ఈవిడ మురిసిందెందుకు? అదే మీరు చెప్పాలి.

కొత్తవాళ్ల కోసం లెక్క: ఆటవెలదిలో ఒకటి, మూడు పాదాలకు మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. రెండు, నాలుగు పాదాలకు అయిదూ సూర్యగణాలే. నాలుగో గణం మొదటి అక్షరం యతిస్థానం, పాదం మొదటి అక్షరంతో దానికి పొత్తు కుదరాలి. ప్రాసయతి, అంటే ఆ రెండు చోట్లా రెండో అక్షరాలు కలవడం, కూడా చెల్లుతుంది. అవధాన సభలో పృచ్ఛకుడు (సమస్య ఇచ్చేవాడు) ఎదురుగా కూర్చుని ఒక్కో పాదం రాబడతాడు. ఇక్కడ ఆదివారం దాకా టైముంది.

ఒక మనవి. మాటలు విరవడానికి ముందు ఒకసారి ఇంట్లోకి తొంగిచూడండి. అసలు దారి అక్కడే దొరకొచ్చు.

కొత్త చీపురు:
నమస్కారమండీ, మొదటిసారి వస్తున్నాను. "పడతి" కదా, "బడఁతి" అని పడింది. అచ్చుతప్పా?

అరసున్న:
కాదు. "పోవన్" ద్రుతప్రకృతికం, అంటే చివర "న్" (ద్రుతం) ఉన్న మాట. "ద్రుతప్రకృతికము మీఁది పరుషములకు సరళములగు" అని చిన్నయసూరి సూత్రం. అంటే దాని తర్వాతి క చ ట త పలు గ జ డ ద బలవుతాయి. అలా ప కాస్తా బ అయింది. పా-బ యతి కూడా చెల్లుతుంది, రెండూ పవర్గమే. ఈ సూత్రం గుర్తుపెట్టుకోండి. ఈ సమస్యలో ఇంకోచోట కాలికి అడ్డం పడుతుంది.

గోంగూర:
అందరూ రాసేదేనని తెలుసు, అయినా బోణీ చేస్తున్నాను.

*కొత్త యింటిలోన గోమాత నడిపించి*
*వేదమంత్ర రవము వెల్లివిరియ*
*పొయ్యి మీఁది గిన్నె పొంగించు శుభవేళ*
*పాలు పొంగిపోవఁ బడఁతి మురిసె*

వసారా:
గణాలూ యతులూ శుభ్రంగా ఉన్నాయి. కానీ మూడో పాదంలో "పొంగించు" అనేశాక నాలుగో పాదంలో పొంగడానికి ఏం మిగిలింది? సమస్యలోని మాటను ముందే ఖర్చు పెట్టేశారు. అదీగాక పొంగేది పాలు, గిన్నె కాదు. నేనైతే ఇలా మారుస్తాను:

*ముగ్గు నడుమ నున్న బొగ్గుకుంపటి యెక్కి*

ముగ్గు-బొగ్గు ప్రాసయతి సరిపోతుంది. పాలే కుంపటెక్కి పొంగినట్టు వస్తుంది.

గోంగూర:
అపార్ట్‌మెంట్ గృహప్రవేశంలో బొగ్గుకుంపటి ఎక్కడిదండీ! మా అన్నయ్య వాళ్లది పధ్నాలుగో అంతస్తు. ఇండక్షన్ స్టవ్ మీద పొంగించారు, అదేమో పాలు అంచు దాటగానే కీచుమని ఆగిపోయింది. పంతులుగారు "చాలు చాలు, శుభం" అనేశారు.

వసారా:
అదే రాయాల్సింది! ఆ కీచుమనడం ఒక్క పాదంలో పెట్టి ఉంటే ఈ పద్యం వేరేగా ఉండేది.

ఇత్తడి బిందె:
నాకు రథసప్తమి తట్టింది.

*మాఘసప్తమి తిథి మార్తాండుఁ గొలువఁగఁ*
*బిడక నిప్పు మీఁదఁ బెరటిలోనఁ*
*జెఱకుముక్కతోడఁ జేయి కల్పుచు నుండ*
*పాలు పొంగిపోవఁ బడఁతి మురిసె*

అరసున్న:
నేను చెప్పిన అడ్డం ఇదే. "నుండన్" అని ద్రుతంతో ఆపారు. తర్వాతి పాదం "పాలు"తో మొదలవుతుంది. సంధి చేస్తే "నుండఁ బాలు" అని రాకతప్పదు. అంటే మీ పెరట్లో పొంగింది పాలు కాదు, ఎవరో బాలు! సమస్య పాదాన్ని మార్చే హక్కు మనకు లేదు. కాబట్టి మూడో పాదం కళతోనే, అంటే ద్రుతం లేని మాటతోనే, ముగియాలి.

వసారా:
"జేయి కల్పెడు వేళ" అంటే సరి. గణాలు అవే, ద్రుతం గొడవ ఉండదు. ఇక వస్తువు చూస్తే, తులసికోట దగ్గర తూర్పుముఖంగా పిడకల మంట, కొత్తబియ్యం పరమాన్నం, చిక్కుడాకుల మీద వడ్డన, చిక్కుడుకాయలకు పుల్లలు గుచ్చి చేసిన రథం ఆ పండగలో ఉంటాయి. మీరు చెరకుముక్క ఒక్కటే ఏరుకున్నారు. మంచి పని. అన్నీ కుక్కితే పంచాంగంలా ఉండేది.

అయినా నా అనుమానం ఒకటి. గృహప్రవేశమైనా రథసప్తమైనా పొంగించాలనే పొంగిస్తారు. అనుకున్నది జరిగితే మురవడంలో వింతేముంది? పొంగకూడదనుకున్న రోజున పొంగి, అయినా మురవాలి. అక్కడుంది కిటుకు.

తిరగలి:
అయితే ఇది చూడండి. మా ఇంటి కథ కాదని ముందే మనవి.

*ఎపుడు నామె తప్పు లెన్నెడి మగఁ డొక్క*
*నాఁడు సెల్లుఁ జూచి నడుమ మఱవఁ*
*గావలున్న వాని కన్నుల యెదుటనే*
*పాలు పొంగిపోవఁ బడఁతి మురిసె*

గోంగూర:
హహ్హ! మీ ఇంటి కథ కాదంటే ఎవరూ నమ్మరు.

ఇత్తడి బిందె:
మా ఇంటి కథే. "ఆ మాత్రం చూసుకోలేవా" అనే మాట మా ఇంట్లో ఆ రోజుతో ఆగిపోయింది. స్టవ్ తుడిచింది మాత్రం మళ్లీ నేనే.

అరసున్న:
మొదటి పాదంలో ఎ-ఎ స్వరయతి. "తప్పులు + ఎన్నెడి" సంధిలో అచ్చు దాగింది గాని యతి నిలిచింది. "ఒక్క / నాఁడు" పాదం దాటి నడవడం బాగుంది. ఆ విరుపులోనే మొగుడు ఫోనులో పడిపోయినట్టుంది. "సెల్లు" అన్యదేశ్యమే గాని ఉకారాంతంగా ఇమిడింది, నాకు అభ్యంతరం లేదు. "కావలున్న" అన్నది మాత్రం గొప్పగా పడింది. కావలి కాసినవాడి కళ్లముందే దొంగతనం జరిగినంత పని.

వసారా:
సమస్యలో "పడఁతి" ఎందుకుందో ఈ పద్యంలోనే తెలిసింది. ముందు రెండింట్లో పడతి బదులు తాతగారు మురిసినా ఒకటే.

కొత్త చీపురు:
నేనూ మొదలుపెట్టాను. మొదటి పాదం చూసి చెప్పండి: "కరెంటు లేక ఇల్లు ఉడికిపోయి..."

అరసున్న:
రెండు చిక్కులు. "కరెంటు" జగణం, లఘువు-గురువు-లఘువు. సూర్యగణంలో గాని ఇంద్రగణంలో గాని జగణం లేదు. కాబట్టి ఆ మాటతో పాదం ఎత్తుకోలేరు. వాడాలంటే రెండు గణాల మీద పరచండి, "నిన్న క | రెంటుపో" అన్నట్టు. భగణం, రగణం అవుతాయి. ఇంద్రగణాల చోట, అంటే ఒకటో పాదం లేదా మూడో పాదం చివర కూర్చోబెట్టొచ్చు. రెండోది, "ఇల్లు ఉడికి" అని అచ్చు పక్కన అచ్చు వదలకూడదు. "ఇల్లుడికి" కావాలి.

పెరటి జామ:
కొత్త చీపురు గారి కరెంటు చూశాక నా పూరణ బయటికి తీస్తున్నాను. మాది బెజవాడ. మే నెల. ఇంతకంటే వివరం అక్కర్లేదు.

*ఎండకాలమందు నెల్ల రాతిరి ఫ్రిజ్జు*
*మాని యూరకుండ మనసు బెదరి*
*విఱిగె ననుచుఁ గాఁచ విఱుగక తెల్లని*
*పాలు పొంగిపోవఁ బడఁతి మురిసె*

వసారా:
ఇదండీ! రాత్రంతా కరెంటు లేదు, పొద్దున్న ఫ్రిజ్జు తలుపు తీస్తే లోపల గోరువెచ్చని గాలి. పాకెట్ కత్తిరించి వాసన చూస్తాం, తేలదు. స్టవ్ మీద పెట్టి, ముక్కలు ముక్కలుగా విడిపోతాయా, పొర కడతాయా అని ఊపిరి బిగబట్టి చూస్తాం. పొంగు వచ్చిందంటే కాఫీ ఉన్నట్టు, పిల్లాడికి పెరుగన్నం ఉన్నట్టు. అప్పుడు నాలుగు చుక్కలు స్టవ్ మీద ఒలికితే ఒలకనీ. ఇది పండగా కాదు, మాటల గారడీ కాదు. విరగడానికీ పొంగడానికీ మధ్యనున్న ఆ ఒక్క నిమిషం పట్టుకున్నారు. నా ఓటు దీనికే.

అరసున్న:
తొందరపడకండి. "రాతిరి ఫ్రిజ్జు" దగ్గర "రి" గురువు కావాలి కదా అని ఎవరైనా అడగొచ్చు. వేరే మాట మొదట్లోని సంయుక్తాక్షరం ముందున్న తెలుగు మాటను గురువు చేయదు, సమాసమైతేనే చేస్తుంది. కనుక "తిరి ఫ్రిజ్జు" సలమే (రెండు లఘువులు, గురువు, లఘువు), సరిపోయింది. కానీ "మాని యూరకుండ" అంటే ఏం మానింది? పని మానిందని మనం పూరించుకోవాలి. అక్కడ కొంచెం లొసుగుంది. నా ఓటు తిరగలి గారికే.

పెరటి జామ:
ఆ గుర్రుమనే చప్పుడు మానిందని నా ఉద్దేశం. కరెంటు పోయినప్పుడు ముందు తెలిసేది ఆ నిశ్శబ్దమే కదండీ.

అరసున్న:
పద్యంలో ఉంటే ఒప్పుకునేవాణ్ణి.

చల్లకవ్వం:
పాలకేంద్రంలో పనిచేస్తాను, పద్యాలు రావు, చదువుతాను. పెరటి జామ గారి పద్యంలో విషయం నిజం. తాజా పాల పీహెచ్ 6.6, 6.7 మధ్య ఉంటుంది. చల్లగా ఉన్నప్పుడు 4.6 దగ్గరికి దిగితే గాని గడ్డకట్టవు. అదే వేడి తగిలితే చాలా ముందే విరుగుతాయి. అందుకే పాకెట్‌లో బాగున్నట్టే కనిపించి స్టవ్ మీద మోసం చేస్తాయి. ఇక పొంగడం సంగతి. నీళ్లు మరిగినా పొంగవు. పాలలో మాంసకృత్తులు, కొవ్వు కలిసి పైన పొర కడతాయి. ఆవిరి బుడగలు దాని కింద చిక్కుకుని పొరను పైకెత్తుతాయి. గిన్నె మీద అడ్డంగా చెక్క గరిటె పెడితే బుడగలు తగిలి పగులుతాయి, కొంతసేపు ఆగుతుంది. పూర్తిగా నమ్ముకోకండి.

ఇస్త్రీపెట్టె:
నేను మాట విరిచాను, తిట్టకండి.

*కసరుకొన్న వెనుకఁ గమ్మని వాసన*
*వంటయింటి నుండి వచ్చి పిలువఁ*
*గలిసి కాఫి త్రాగఁ గడపపై మగని కో*
*పాలు పొంగిపోవఁ బడఁతి మురిసె*

గోంగూర:
కో-పాలు! పొంగి, పోయాయి! రెండు చోట్లా విరిచారు.

ఇత్తడి బిందె:
"కోపాలు" వాడుకభాష కాదా? గ్రాంథికంలో "కోపములు" అనాలేమో.

అరసున్న:
అక్కర్లేదు. "లు" పరమైనప్పుడు "ము" పోయి ముందరి అచ్చు దీర్ఘం కావడం వైకల్పికంగా చిన్నయసూరి బాలవ్యాకరణమే ఒప్పుకుంది. వజ్రములు, వజ్రాలు రెండూ సాధువులే.

వసారా:
విరుపుల మీద నాకు పెద్ద ప్రేమ లేదని మొదట్లోనే చెప్పాను. ఇది మాత్రం ఇంటిని వదలని విరుపు. కసురుకున్నాక ఎవరు ముందు మాట్లాడాలో తేలక, ఫిల్టరులో డికాక్షన్ దిగిన వాసనే రాయబారం నడిపింది. ఒక్క అభ్యంతరం: గడప మీద కూర్చుని కాఫీ తాగుతారా? మా ఇంట్లో అయితే కోపాలు మళ్లీ మొదలయ్యేవి. "త్రాగ గదిలోన మగని కో" అనండి. గ-గ యతి చెడదు, సలం పడుతుంది, పెద్దవాళ్లూ ఊరుకుంటారు.

రెండో ఝాము:
డాలస్ నుంచి. ఇక్కడ రాత్రి పదకొండు.

*డబ్బపాలె యగుట డాలసు నగరానఁ*
*గాఁచు టెఱుఁగనట్టి కాపురాన*
*నమ్మయింటి నాఁటి యా వాసనను దెచ్చి*
*పాలు పొంగిపోవఁ బడఁతి మురిసె*

గాలన్ డబ్బాలో పాలు కాచి అమ్మినవే. గ్లాసులో వంపుకుని తాగడమే. సేమియా పాయసం కోసం నిన్న చాలాకాలానికి కాచాను. తిరిగి చూసేసరికి పొంగి కాయిల్ మీద మాడింది. ఆ మాడు వాసనకు అరనిమిషం స్టవ్ ఆపడం కూడా మరిచిపోయాను.

పెరటి జామ:
"తెచ్చి" అనడం బాగుంది. వాసన తెచ్చిందీ పాలే, పొంగిందీ పాలే. కర్త మారలేదు.

అరసున్న:
"నమ్మయింటి", "యా": అ-ఆ యతి. "నగరాన", "కాపురాన" రెండు పాదాల చివరా ఒకే ధ్వని రావడం కొంచెం జోగినట్టుంది. మిగతాది నిర్దోషం. "మాడు" అన్న మాట పద్యంలోకి రావాల్సింది. వచనంలో చెప్పిందే ఎక్కువ రుచిగా ఉంది.

వసారా:
తక్కినవి గబగబా. పాలంటే వాటా అని, షేర్లు పెరిగాయని రాసినాయనకు: వాటాలు పెరుగుతాయి, పొంగిపోవు. పైగా పొంగి "పోతే" నష్టమేనేమో చూసుకోండి. "పడఁతి" తమ పిల్లి పేరని రాసినవారికి: ఒలికిన పాలకు పిల్లి మురవడం సహజమే గాని, అంత సహజమైతే సమస్య ఎక్కడిది? పద్యం రాకపోయినా పిల్లి ఫోటో పంపినందుకు సంతోషం.

అరసున్న గారికీ నాకూ ఓటు కుదరలేదు. అందుకని ఈ వారం రెండు పూరణలూ పైన ఉంటాయి. కొత్త చీపురు గారు కరెంటును రెండు గణాల మీద పరిచి పంపితే అదీ చేరుస్తాను.

వచ్చే వారానికి:

ఆ.వె.
*అత్త తిట్టుచుండ హాయి కలిగె*

అ-హా యతి.

తిరగలి:
మా అత్తగారు ఈ గుంపులోనే ఉన్నారండీ. వేరే పేరుతో పంపొచ్చా?

ఇత్తడి బిందె:
పంపు నాయనా. యతి తప్పకుండా చూసుకో.