తేనెపెట్టెలో చుంచెలుక కాపురం పెట్టింది, ఏం చేయాలి?

యలహంక మేడతోట:
నిన్న పెట్టె తెరిస్తే అడుగు పలక మీద నల్లజీలకర్ర చల్లినట్టు ఎలుక పెంటికలు. ఒక మూల కొబ్బరిపీచు, గోనెపోగులతో గూడు. చివరి ఫ్రేములో (చెక్కచట్రంలో) తేనెపట్టును అరచేయంత మేర కొరికేసింది. దేశవాళీ తేనెటీగలు, పెట్టె మేడ మీద ఉంది. వానాకాలమంతా లేని బెడద డిసెంబరులో ఎందుకు వచ్చింది?

కనకపుర రోడ్డు:
చలి రాత్రుల్లో ఈగలు పట్టు మీద ముద్దగా చేరి కదలవు. ఎలుకకు వెచ్చదనం, మైనం, పుప్పొడి ఒకేచోట దొరుకుతాయి. ఈగలు వచ్చిపోయే గుమ్మం ఎత్తు 8 మిల్లీమీటర్లు దాటకుండా చెక్కపట్టీ కొట్టండి. చుంచు తల దూరితే ఒళ్లంతా దూరినట్టే. ముందు అది లోపల లేదని చూసుకోండి. నేను ఒకసారి దాన్ని లోపలే పెట్టి బిగించాను!

హెబ్బాళ కొత్త రైతు:
పట్టీకి బదులు ఇనుప జల్లెడ బిగిస్తే?

కనకపుర రోడ్డు:
బిగించవచ్చు. గళ్లు మరీ చిన్నవైతే ఈగల కాళ్లకున్న పుప్పొడి ముద్దలు గుమ్మంలోనే రాలిపోతాయి. నాకు పట్టీయే నయం అనిపించింది. చచ్చిన ఈగలు అడ్డుపడకుండా వారానికోసారి పుల్లతో గీకితే చాలు.

జక్కూరు గోదావరి:
మా కోనసీమలో కొబ్బరిచెట్టుకు ఎలుక ఎక్కకుండా నున్నటి రేకు చుడతారు. పెట్టె స్టాండు కాళ్లకూ అదే చేశాను. కాళ్ల కింది నీళ్ల గిన్నెలు చీమలను ఆపుతాయి, ఎలుకకు మాత్రం చలివేంద్రమే. పిట్టగోడకు, కొమ్మలకు పెట్టెను దూరంగా జరపండి. లేకపోతే రేకు చుట్టీ లాభం లేదు, పక్కనుంచి దూకుతుంది.

హెబ్బాళ కొత్త రైతు:
ఎలుకల మందు పెడితే ఒక్క రాత్రిలో పీడ పోదా?

జక్కూరు గోదావరి:
వద్దండీ. మందు తిన్న ఎలుక పెట్టెలోనే చచ్చిందనుకోండి, ఆ కంపుకు దేశవాళీ ఈగ నిలవదు, లేచిపోతుంది. బయట చస్తే ఏ గుడ్లగూబో తిని అదీ చస్తుంది. బోను పెట్టండి.

యలహంక మేడతోట:
అందరికీ ధన్యవాదాలు. అసలు సంగతి ఇప్పుడు చెప్పక తప్పదు. బెంగళూరు బసవనగుడి కడలెకాయి పరిషెలో (వేరుశనగ జాతరలో) కొన్న వేరుశనగ సంచిని స్టాండు కిందే పెట్టి మరిచిపోయాను. గూట్లోని పోగులు ఆ గోనెవే! సంచి తీసేశాను, పట్టీ కొట్టాను. నిన్న రాత్రి బోనులో ఒకటి పడింది. కొరికిన పట్టును అలాగే ఉంచాలా?

కనకపుర రోడ్డు:
మూత్రం వాసన పట్టిన మేరకు కోసి పారేయండి. ఫ్రేము కడిగి, బాగా ఎండబెట్టి మళ్లీ పెట్టండి. ఖాళీ ఫ్రేములు అటక మీద ఉంటే వాటినీ ఇవాళే దించి చూడండి. అక్కడ కాపలాకు ఈగలు కూడా ఉండవు.

యలహంక మేడతోట:
దించాను. ఆరింటిలో నాలుగు పోయాయి.