పాత మెయిన్ బజారును బాగుచేయాలంటే ఏ పని ముందు, ఏది వెనక?

బజారువీధి:
మా మెయిన్ బజారు పొడవు సుమారు 700 మీటర్లు, వెడల్పు 11 మీటర్లు. బట్టలు, బంగారం, కిరాణా కలిపి 140 దాకా కొట్లున్నాయి. వాటిలో ముప్పై పైచిలుకు గానుగ సున్నంతో కట్టిన పాత మద్రాసు టెర్రస్ (టేకు దూలాల మీద ఇటుక, సున్నంతో కప్పు వేసిన) మిద్దెలే. బైపాస్ పడ్డాక బేరాలు పల్చబడ్డాయి. ముందుగా అన్ని కొట్లకూ ఒకే రంగు, కొత్త బోర్డులు, గ్రానైట్ ఫుట్‌పాత్. ఆ తర్వాత బండ్లు ఆపేయడం. ఇదీ వర్తక సంఘం, మున్సిపాలిటీ అనుకుంటున్న వరుస. సరైనదేనా? సున్నం గోడల విషయంలో ఏం చూసుకోవాలి?

కాలువగట్టు:
వరుస తలకిందులైందండి. రంగు ఆఖరు పని. ముందు నేల కింద పని తేలాలి, లేకపోతే ఏడాది తిరక్కుండానే కొత్త గ్రానైట్‌ను నీళ్ల పైపు కోసమో కేబుల్ కోసమో పగలగొడతారు.

మొదట రోడ్డు మట్టం కొలిపించండి. తారు మీద తారు పోసీ పోసీ పాత బజార్లలో రోడ్డు కొట్టు అరుగు కంటే ఎత్తుకు పోయి ఉంటుంది. వాన నీళ్లు కొట్లలోకి రావడానికి కాలువ పూడిక ఒక్కటే కారణం కాదు, ఇదీ కారణమే. పాత పొరలు గీకించి దించకుండా పైన రాళ్లు పరిస్తే డబ్బు నీళ్లపాలు, అక్షరాలా.

తర్వాత కాలువ, డ్రైనేజీ, నీళ్ల లైను, ఆ పైన కేబుళ్లు. కొట్లకు కరెంటిచ్చే తక్కువ వోల్టేజీ (ఎల్‌టీ) కేబుల్ కనీసం 75 సెం.మీ., ట్రాన్స్‌ఫార్మర్‌కు వచ్చే 11 కేవీ ఎక్కువ వోల్టేజీది అయితే 90 సెం.మీ. లోతున పడాలి. ఇంటర్నెట్ వాళ్లకు పైపులు విడిగా వేసి, మరో రెండు ఖాళీగా వదలండి. ఖాళీ పైపు లేకపోతే రేపు వచ్చే కంపెనీ మళ్లీ స్తంభాల మీదుగానే వైరు లాగుతుంది. ట్రాన్స్‌ఫార్మర్లకూ ఫీడర్ బాక్సులకూ (కరెంటు పంచే పెట్టెలు) చోటు ఇప్పుడే చూడండి. చివర్లో ఆలోచిస్తే అవి ఫుట్‌పాత్ మధ్యలోనే తేలతాయి.

ఫుట్‌పాత్‌లో మనిషి నడవడానికి అడ్డం లేని 1.8 మీటర్లు కనీసం, కొట్ల ముందు 2.5 ఉంటే మేలు. గట్టు ఎత్తు 15 సెం.మీ. దాటొద్దు. వాలు 50కి 1, కాలువ వైపుకి. సరుకు బండి ఎక్కే చోట 20 మి.మీ. పలకలు పగిలిపోతాయి, 75 మి.మీ. మందం రాయి కావాలి, నునుపు పాలిష్ కాకుండా ఫ్లేమ్ ఫినిష్ (మంటతో గరుకు) చేసింది. పాలిష్ రాయి మొదటి వానకే జారుడుబల్ల.

గానుగసున్నం:
మిద్దెల సంగతి నేను చెబుతాను. రంగు కంటే ముందు పైకప్పు చూడండి. గోడలో దూరిన టేకు దూలాల చివరలే ముందు పుచ్చుతాయి. స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూస్తే తెలిసిపోతుంది. కారుతోందని పైన 5 సెం.మీ. కాంక్రీటు పోయించడం మామూలుగా జరిగే తప్పు. చదరపు మీటరుకు దాదాపు 120 కిలోల అదనపు బరువు ఆ పాత దూలాల మీద పడుతుంది. రావి మొక్కను పైపైన కోస్తే మళ్లీ మొలుస్తుంది, వేరుతో సహా తీసి ఆ సందును సున్నంతో పూడ్చాలి.

సున్నం గోడకు సిమెంటు ప్లాస్టరు వద్దు. గోడలోని చెమ్మ బయటికి రాలేక లోపలే ఉండి ఉప్పు పూస్తుంది, ఇటుక పొడిపొడిగా రాలుతుంది. ప్లాస్టిక్ పెయింటు చేసే చెరుపూ ఇదే. సున్నాన్ని గుంటలో కనీసం రెండు మూడు వారాలు నాననిచ్చి, ఒక పాలు సున్నం, ఒక పాలు ఇటుక పొడి, ఒక పాలు ఇసుకతో మొదలుపెట్టండి. ఒక చదరపు మీటరు నమూనా వేసి నెల ఆగి పగుళ్లు చూడండి. సున్నంలో కలిపే కరక్కాయ, బెల్లం నీళ్ల పాళ్లు మేస్త్రీకో తీరు, కాబట్టి అవీ నమూనాలోనే తేల్చుకోవాలి. ఒక్కో పూత 10–12 మి.మీ. దాటనివ్వకండి, పది రోజులు తడి గోనె కప్పండి. ఏప్రిల్, మే ఎండల్లో ఈ పని పెట్టుకోవద్దు.

రాతి గోడల మీది పెయింటు తీయడానికి ఇసుక కొట్టే యంత్రం, యాసిడ్ రెండూ వద్దు. యాసిడ్ సున్నం అతుకుల్ని తినేస్తుంది. ఇనుప బ్రష్ వాడితే తుప్పు మరకలు పడతాయి, నైలాన్‌ది వాడాలి. 1935 నాటి మొజంజాహీ మార్కెట్‌ను బాగుచేసి 2020 ఆగస్టులో మళ్లీ తెరిచారు. హైదరాబాద్ వెళ్లేవాళ్లుంటే రాయి శుభ్రం చేశాక ఎలా ఉంటుందో అక్కడ చూసి రమ్మనండి.

బోర్డులు తలుపు వెడల్పు మించకుండా, కమానులు మూయకుండా ఉంటే చాలు, అన్నీ ఒకే రంగులో ఉండక్కర్లేదు. బోర్డు బోల్టు రాతిలో కాదు, రాళ్ల మధ్య అతుకులో దిగాలి. ఏసీపీ షీటు (అల్యూమినియం, ప్లాస్టిక్ పొరల పలక) కప్పిన గోడ వెనక కారుతున్నా ఎవరికీ కనపడదు.

బజారువీధి:
చాలా ఉపయోగం. మరి బండ్లు ఆపడం? తోపుడు బండ్లవాళ్లను ఏం చేయాలి?

నడకదారి:
సరుకు దించే వేళలు తేలకుండా బండ్లు ఆపితే మొదట ఎదురు తిరిగేది కొట్లవాళ్లే. చాందినీచౌక్‌లో 2021లో ఎర్రకోట నుంచి ఫతేపురి దాకా 1.3 కి.మీ. తిరిగి తీర్చి, ఉదయం 9 నుంచి రాత్రి 9 దాకా మోటారు బండ్లు నిషేధించారు, సరుకు రాత్రిపూట. మీకు అంత అక్కర్లేదు. సాయంత్రం 5 నుంచి 9 దాకా, ముందు శని, ఆదివారాల్లో చేసి చూడండి. పార్కింగ్ 300 మీటర్ల లోపు లేకపోతే మొదలుపెట్టకండి. షికాగో స్టేట్ స్ట్రీట్‌లో 1979లో కార్లు ఆపేసి బస్సులకే వదిలారు. బేరాలు పడిపోయి 1996లో మళ్లీ కార్లు రానిచ్చారు.

తోపుడు బండ్లవాళ్లు పోతే జనమూ పోతారు. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం పట్టణ విక్రయ కమిటీలో వాళ్ల ప్రతినిధులు కనీసం 40 శాతం ఉండాలి, చోటు మార్చాలంటే 30 రోజుల ముందు నోటీసివ్వాలి. ముందు సర్వే చేయించి, ఫుట్‌పాత్ డ్రాయింగులోనే వాళ్ల బండ్లు నిలిచే గళ్లు గీయించండి. గడి పక్కన నీటి కుళాయి, చెత్త డబ్బా చూపించకపోతే కాలువ మళ్లీ పూడుతుంది.

కాలువగట్టు:
ఒక్క మాట మరిచాను. కాంట్రాక్టు ఒకేసారి 700 మీటర్లకు ఇవ్వొద్దు. వంద మీటర్ల ముక్కలుగా, ఒక వైపు తవ్వుతుంటే రెండో వైపు నడిచేలా. దసరా నుంచి సంక్రాంతి దాకా కొట్ల ముందు గుంత ఉండకూడదని ఒప్పందంలోనే రాయించండి.