అలామో: పన్నెండు రోజులు నిలిచి గంటన్నరలో ఎందుకు పడిపోయింది?

ప్రశ్న:
టెక్సస్ మెక్సికో నుంచి విడిపోవడానికి చేసిన యుద్ధంలో అలామో ముట్టడి గురించి ఒక సందేహం. 1836 ఫిబ్రవరి 23న మెక్సికో అధ్యక్షుడు, సేనాని శాంటా అన్నా సైన్యం అలామో ఉన్న శాన్ ఆంటోనియో ఊరు చేరింది. మార్చి 6 తెల్లవారుజామున అసలు దాడి. లోపల టెక్సస్ పక్షం వాళ్లు సుమారు 200 మంది, 20 దాకా ఫిరంగులు. అన్ని రోజులు తట్టుకున్నవాళ్లు చివరికి గంటన్నరకు మించి నిలవలేదేం? మనుషులు చాలకనా, కట్టడంలోనే లోపమా?

సమాధానం 1:
రెండూ. అసలది కోట కాదండీ, స్పానిష్ పాదిరీల మిషన్, అంటే మతప్రచార కేంద్రం. ఆ గోడ స్థానిక తెగల దాడులు ఆపడానికి కట్టింది, ఫిరంగుల కోసం కాదు. ఆవరణ మూడెకరాలు, చుట్టుకొలత దాదాపు 1,320 అడుగులు. ఫిరంగికి ఆరుగురు చొప్పున లెక్కేస్తే అక్కడే 120 మంది సరి. మిగిలిన 80 మందికి తలా 16 అడుగుల గోడ! అందులోనూ జబ్బుపడ్డవాళ్లున్నారు, లోపలి నాయకుల్లో ఒకడైన బౌయీ మంచం దిగలేని స్థితి. పహరా మార్చుకోవడానికి మనిషే లేడు.

ఇంకా పెద్ద లోపం, గోడలో తుపాకీ కంతలు లేకపోవడం. కింద ఉన్నవాణ్ణి కాల్చాలంటే గోడ మీద నుంచి బయటికి వంగాలి. అలామో దళపతి ట్రావిస్ ఉత్తరపు గోడ దగ్గర మొదట్లోనే నేలకొరిగాడు.

సమాధానం 2:
ఆ ఉత్తరపు గోడే కొంప ముంచింది. అంతకుముందు అక్కడున్న మెక్సికో సేనాని కోస్ పాడైన గోడకు బయట దుంగలు పేర్చి మట్టి దట్టించి నిలబెట్టాడు. దాంతో ఎక్కేవాడికి కాలు పెట్టే చోట్లు దొరికాయి. శాంటా అన్నా నాలుగు దళాలకు 28 నిచ్చెనలు కేటాయించాడు, గోడ దాకా వచ్చినవి కొన్నే. ఎక్కింది ఎక్కువగా ఆ దుంగలు పట్టుకునే.

దూరం నుంచి వచ్చేటప్పుడు ఫిరంగులు బాగానే చీల్చాయి. సరైన గుళ్లు లేక మేకులు, తలుపు బందులు, నరికిన గుర్రపు నాడాలు కూరి పేల్చారు. కానీ జనం గోడ మొదట్లోకి చేరాక ఫిరంగి మూతి అంత కిందికి వంగదు. మూడు దళాలు అక్కడే ఒక్క ముద్దయ్యాయి. వెనక వరుసలు చీకట్లో గురి లేకుండా కాల్చడంతో మెక్సికన్లు సొంత తూటాలకే చాలామంది పడ్డారు.

ప్రశ్న అడిగినవారు:
మరి బయటి నుంచి సాయం?

సమాధానం 3:
మార్చి 1న టెక్సస్‌లోనే ఉన్న గొంజాలెస్ ఊరి నుంచి 32 మంది వచ్చారు. మరో ఊరు గోలియాడ్ నుంచి టెక్సస్ సేనాని ఫానిన్ 300 మందికి పైగా తీసుకుని ఫిబ్రవరి 26న బయల్దేరాడు. ఊరు దాటకముందే బండ్లు విరిగాయి, రాత్రి ఎద్దులు తప్పిపోయాయి, తిండి చాల్లేదు. మర్నాడే వెనక్కి మళ్లాడు. మార్చి 2న టెక్సస్ స్వాతంత్ర్యం ప్రకటించిన సంగతి అలామోలో ఉన్నవాళ్లకు చేరనే లేదు.

శాంటా అన్నా ఎత్తు కూడా గమనించాలి. రోజుల తరబడి మోగిన ఫిరంగులను మార్చి 5 రాత్రి 10 గంటలకు ఆపించాడు. అలిసిపోయినవాళ్లు ఒళ్లు తెలియకుండా నిద్రపోయారు. అయితే 12 పౌండ్ల గుండ్లు పేల్చే పెద్ద ఫిరంగులు ఒకటి రెండు రోజుల్లో రానుండగా, కొందరు అధికారులు ఆగమంటున్నా, నిచ్చెనలతో పంపడం సొంత సైనికులను అనవసరంగా బలిపెట్టడమే. ఇందులో నాకు అనుమానం లేదు.

సమాధానం 1 (మళ్లీ):
ఒకటి వదిలేశాం. గోడ చేజారేటప్పుడు ఫిరంగి వెనక నిప్పు పెట్టే రంధ్రంలో ఇనుప మేకు దిగ్గొట్టి తల విరగ్గొట్టాలి. అప్పుడు శత్రువు దాన్ని వెంటనే పేల్చలేడు. బ్యారక్‌ల్లోకి (సైనికుల గదుల్లోకి) పరుగెత్తే తొందరలో ఆ పని జరగలేదు. మెక్సికన్లు అవే ఫిరంగులను లోపలికి తిప్పి ఒక్కో గది తలుపూ పగలగొట్టి, బాయొనెట్లతో (తుపాకీ మొనకు బిగించే కత్తులతో) చొరబడ్డారు. లోపలివాళ్ల రైఫిళ్లు దూరపు గురికి మేలైనవే, కానీ మళ్లీ మందు కూరడానికి నిమిషం దాకా పడుతుంది, చాలావాటికి బాయొనెట్ ఉండదు. తూర్పు వైపు గోడ దూకి పారిపోబోయినవాళ్ల కోసం ఈటెల అశ్వదళాన్ని ముందే బయట నిలిపి ఉంచారు.