చెవిటి తమ్ముడికి తోలుబొమ్మల స్కాలర్‌షిప్, తెలిసినవాళ్ళు కాస్త చెప్పండన్నా

మాది నెల్లూరు జిల్లా ఉదయగిరి పక్కన పల్లె. తమ్ముడికి 20 ఏళ్ళు, పుట్టు చెవుడు, మాట రాదు, కానీ మా తాత దగ్గర ఏడేళ్ళుగా తోలుబొమ్మల పని నేర్చుకుంటన్నాడు. మేక తోలు మీద ఉలితో చిల్లులు కొట్టి దీపానికి అడ్డం పెట్టి చూస్తాడు, సీత చెవికమ్మ దగ్గర ఒక్క చిల్లు వంకర పోయినా మళ్ళీ మొదటికే, తాతకే విసుగొచ్చుద్ది.

సెంట్రల్ గవర్నమెంట్ కల్చర్ వాళ్ళది యువ కళాకారుల స్కాలర్‌షిప్ ఉంది గదా, 18 నుంచి 25 ఏళ్ళ వాళ్ళకి నెలకి 5,000 చొప్పున రెండేళ్ళు, దానికి అప్లై చేద్దామని. గురువు దగ్గర అయిదేళ్ళు నేర్చుకున్నట్టు చూపించాలంట, తాతకి వేలిముద్ర తప్ప లెటర్‌హెడ్ ఎక్కడిది, తెల్ల కాయితం మీద రాసిస్తే ఒప్పుకుంటారా?

అసలు భయం ఇంటర్వ్యూ. సైగలు తెలిసిన మనిషిని వాళ్ళే పెడతారా, నేను పక్కన కూర్చుని చెప్పొచ్చా? పాట పాడలేడు, బొమ్మ కోయడం, ఆడించడం చూసి మార్కులేస్తారా? ఒక ఆఫీసులో అడిగితే "మాట రానోడికి ఆటేంది" అన్నారు, ఆ మాట వాడికి చెప్పలేదు.

ఇంకోటి, సదరం సర్టిఫికెట్ మీద పెన్షన్ 6,000 వస్తంది, ఇదొస్తే అది ఆగిపోద్దా? అమ్మ దానికే వద్దంటంది. ఎవరన్నా అప్లై చేసినోళ్ళుంటే చెప్పండి ప్లీజ్.