అప్‌డేట్: చెల్లి తిండి మానేయడం, రోజంతా అద్దం – థైరాయిడ్ కాదండి

వేసవిలో ఇక్కడే అడిగాను. అమలాపురంలో డిగ్రీ చదివే మా చెల్లి ఒక్క కొట్టివేత పడినా కాలేజీ రికార్డు పుస్తకం మొత్తం మళ్లీ రాస్తోంది, పూటపూటకీ బరువు చూసుకుంటోంది, ఫొటో అంటే పారిపోతోంది, ఏం చెయ్యాలని. జవాబిచ్చిన అందరికీ థాంక్సండి.

మీరు చెప్పినవి చేసి చూశాం. థైరాయిడ్ నార్మలే. జింక్ మాత్రలు దండగ. డైట్ చార్టుతో లెక్కలు ఇంకా పెరిగాయి. పనికొచ్చింది టెలీ మానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) 14416కి ఫోన్ చెయ్యమన్న సలహా. వాళ్లే క్లినికల్ సైకాలజిస్టుకి చూపించమన్నారు, కాకినాడ తీసుకెళ్లాం.

బాగా చెయ్యాలనుకోవడం జబ్బు కాదన్నారావిడ. తప్పు దొర్లితే తన విలువే పోతుందన్న భయమే అసలు చిక్కట. 1991లో హ్యూయిట్, ఫ్లెట్ అనే పరిశోధకులు పర్ఫెక్షనిజాన్ని, అంటే అంతా లోపం లేకుండా ఉండి తీరాలన్న పట్టుదలని, మూడు రకాలుగా విడదీశారు: తన నుంచి తాను ఆశించేది, ఎదుటివాళ్ల నుంచి ఆశించేది, లోకం తన నుంచి ఆశిస్తోందనుకునేది. దిగులు, ఆందోళనలతో గట్టిగా ముడిపడేది మూడోది. రికార్డుకి పెట్టిన కొలతే ఒంటికీ పెడుతోందన్నమాట. సంక్రాంతికి దిగిన చుట్టాల మొదటి పలకరింపు "ఏంటే, లావయ్యావ్!" అయితే ఇంకేం కావాలి?

చికిత్స సీబీటీ, అంటే ఆలోచనల తీరునీ అలవాట్లనీ మార్చే మాటల చికిత్స. కావాలనే ఓ కొట్టివేతతో రికార్డు ఇవ్వమన్నారు. ఆ రాత్రి దానికి నిద్ర లేదు. లెక్చరర్ మాత్రం చూడనైనా చూడకుండా సంతకం పెట్టేశారు! ఇప్పుడు వేళకి తింటోంది, అద్దం తగ్గింది. ఫొటోలంటే మాత్రం ఇంకా వద్దంటోంది, సెషన్లు నడుస్తున్నాయి.

ఇదే వెతుక్కుంటూ వచ్చినవాళ్లకి: బరువు వేగంగా తగ్గుతున్నా, నెలసరి ఆగినా, కళ్లు తిరిగి పడిపోతున్నా ముందు డాక్టరుకి చూపించండి.