పాట వస్తాంది, మాట రాలేదు. థెరపీలో పాట ఆపించడం న్యాయమేనా?

పెన్నమ్మ (తాడిపత్రి)
మా నాయన చెక్కభజన గురువు. చుట్టుపక్కల పల్లెల్లో ఆయన దగ్గర నేర్చుకోని పిల్లోడు లేడు. పోయిన ఏడాది పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయినాయి, మాట పోయింది. మనం చెప్పేది బాగా అర్థమవుతాది, నోటికి మాత్రం ‘ఆ’, ‘ఊ’ తప్ప రాదు. అయితే భజన పాట ఎత్తుకుంటే చరణాలతో సహా పాడతాడు. మొదటిసారి పాడిన పొద్దు ఇంటిల్లిపాదీ ఏడ్చినాం.
అనంతపురంలో మ్యూజిక్ థెరపీ చేసే ఆయమ్మ దగ్గరికి తీసుకపోతాండాం. ఇప్పుడు ఆయమ్మ సెషన్లో పాట వద్దంటాంది. రెండే రెండు స్వరాల్లో ‘నీళ్లు కావల్ల’, ‘కాలు నొస్తాంది’ అని సాగదీసి అనిపిస్తాంది, ఎడమ చేతికి చెక్క ఇచ్చి బల్ల మీద తట్టిస్తాంది. నాయన మధ్యలో పాట ఎత్తుకుంటే చెయ్యి పట్టుకుని ఆపుతాది. ఆయన కండ్లల్లో నీళ్లు. పాటతో బాగవుతాడని పోతే పాటనే ఆపడమేంది? తెలిసినోళ్లు చెప్పండి.

రాగసుధ (కడప)
వెంటనే మాన్పించండమ్మా. అన్నమయ్య పుట్టిన సీమ మనది. నాదంతో రోగం నయం చేసుకోవడం మనకు ఒకరు నేర్పాల్సిన విద్య కాదు. ముత్తుస్వామి దీక్షితుల నవగ్రహ కీర్తనలు శిష్యుడి కడుపునొప్పి పోగొట్టడానికి పుట్టాయని సంప్రదాయంలో చెప్పుకుంటారు. పొద్దున భూపాలం, సాయంత్రం ఆనందభైరవి వినిపించండి. ఇంకో మాట. ఒక గురువు చేత ఎడమ చేత్తో తాళం వేయిస్తున్నారే, అది ఎంత తప్పో ఆ థెరపిస్టుకు తెలుసా?

వాగ్ధార (కర్నూలు)
నేను స్పీచ్ థెరపిస్టుని. పెన్నమ్మ గారూ, మాన్పించకండి. ఆమె చేస్తున్నదాన్ని మెలోడిక్ ఇంటొనేషన్ థెరపీ అంటారు. 1973లో బోస్టన్‌లో ఆల్బర్ట్, స్పార్క్స్, హెల్మ్ ప్రకటించిన పద్ధతి. మాట పోయినా పాట మిగలడం కొత్త సంగతి కాదు. 1745లోనే ఓలోఫ్ దాలిన్ స్వీడన్‌లో ఇలాంటి మనిషి గురించి రాశాడు. కుడి పక్క పడిపోయింది, మాట లేదు, చర్చి పాటలు మాత్రం పాడేవాడు.
అయితే కంఠతా వచ్చిన పాట ఒకటి, కావాల్సిన మాటను అప్పటికప్పుడు కూర్చుకోవడం ఇంకొకటి. ఒకటి, రెండు, మూడు అని వరసగా లెక్కపెట్టగలిగిన రోగి, ‘మీకు పిల్లలు ఎంతమంది’ అని అడిగితే చెప్పలేడు. రోజూ చూస్తుంటాను. పాట ఎన్నిసార్లు పాడినా దానంతటదే మాటలోకి దిగదు. అందుకే చిన్న వాక్యం తీసుకుంటారు. అక్షరానికి ఒక తట్టు. మొదట ఇద్దరూ కలిసి అంటారు, తర్వాత థెరపిస్టు గొంతు తగ్గించి తప్పుకుంటుంది, తర్వాత రోగి ఒక్కడే అంటాడు, చివరికి ప్రశ్న అడిగితే జవాబుగా అంటాడు. అందరికీ ఇది పనికిరాదు. ఎడమ మెదడు దెబ్బతిని, అర్థం చేసుకునే శక్తి నిలిచి, మాట మాత్రం పోయినవాళ్లకే ఎంచుకుంటారు. మీ నాన్నగారు సరిగ్గా ఆ కోవలోకి వస్తారు. ఆమె నిర్ణయం నాకు సబబుగానే ఉంది.

రాగసుధ (కడప)
ఎడమ చేతి సంగతి వదిలేశారు.

వాగ్ధార (కర్నూలు)
కుడి చెయ్యి పడిపోయింది కదా సార్. పైగా ఎడమ చేతిని నడిపేది కుడి మెదడు. దెబ్బ తగలని ఆ పక్కను కూడా పనిలోకి దించాలన్నది ఆ పద్ధతి కట్టినవాళ్ల ఆలోచన.

తుంగభద్ర
మా పెదనాన్నకు ఇట్లనే అయింది. పాటలు బాగా పాడేవాడు. పోయేదాకా మాట రాలేదు.

లెక్కలసారు (అనంతపురం)
వాగ్ధార గారూ, కుడి మెదడు మాట అంత ఖాయంగా చెప్పకండి. 2011లో జర్మనీలో చేసిన పరిశోధనలో స్వరం కంటే లయదే పెద్ద పాత్ర అని, రోగికి అలవాటైన మాటల గుత్తులే తేలిగ్గా వస్తాయని తేలింది. అట్లయితే భజన లయలోనే ‘నీళ్లు కావల్ల’ అనిపించొచ్చు కదా? ఆ రెండు స్వరాలే ఎందుకు?

వాగ్ధార (కర్నూలు)
మంచి ప్రశ్న. లయకే ఎక్కువ బలమని నేనూ ఒప్పుకుంటా. కానీ భజన లయ ఎత్తుకోగానే ఆయన నోరు పాత పాటలోకి జారిపోతుంది. ఆమె చెయ్యి పట్టుకుని ఆపుతున్నది అందుకే అయ్యుంటుంది. తెలిసిన వరసకు దూరంగా ఉండే వరస కావాలి.

రాగసుధ (కడప)
ఇంగ్లీషు పద్ధతులు మేమూ చూశాం. మా అన్న కొడుక్కి ఆటిజం. బెంగుళూరులో ఒకచోట మ్యూజిక్ థెరపీ అని డప్పు, గిటారు ముందు పెట్టి, పిల్లోడు ఏది కొడితే వాళ్లూ అదే కొట్టారు. రాగం లేదు, తాళం లేదు. డబ్బు పోయింది, పిల్లోడు అట్లే ఉన్నాడు. ఇదంతా వ్యాపారం.

వాగ్ధార (కర్నూలు)
మీ బాధ అర్థమైంది. ఆ పద్ధతినే 9 దేశాల్లో 364 మంది ఆటిజం పిల్లల మీద పరీక్షించి 2017లో ఫలితం ప్రకటించారు. మామూలు చికిత్సకు దాన్ని కలిపినా లక్షణాల కొలతలో తేడా రాలేదు. దాచేదేముంది? కానీ ఆటిజంలో రాని ఫలితాన్ని పక్షవాతానికి అంటగట్టడం తప్పు. ఫలానా రాగం ఫలానా జబ్బుకు మందు అనడానికీ గట్టి రుజువు లేదు. మనసుకు హాయినివ్వడం వేరు, మాట రప్పించడం వేరు.

నైట్‌డ్యూటీ (కడప)
నర్సుని. పెన్నమ్మక్కా, పక్షవాతం తర్వాత కొందరికి చిన్నదానికే ఏడుపు ఆగకుండా వస్తుంది. బాధ లేకపోయినా వస్తుంది. దానికి మందులున్నాయి. న్యూరాలజీ డాక్టరుకు చెప్పండి. కన్నీళ్లు చూసి థెరపీ మంచిదో చెడ్డదో తేల్చుకోవద్దు.

పెన్నమ్మ (తాడిపత్రి)
మా నాయన కన్నీళ్లు నాకు తెలియవా? ఎప్పుడు ఊరికే వస్తాయో, ఎప్పుడు కడుపులోంచి వస్తాయో రోజూ పక్కనుండి చూసేదాన్ని నేను.

వాగ్ధార (కర్నూలు)
అమ్మా, కోపం వద్దు, ఉన్నమాట చెప్తా. పాట వినగానే ఇంట్లోవాళ్లు బాగైపోయాడనుకుంటారు. థెరపీ మానేస్తారు. మొదటి నెలల్లో వచ్చే మార్పు తర్వాత అంత తొందరగా రాదు. ఇట్లా మానేసి, మళ్లీ ఆలస్యంగా వచ్చినవాళ్లను చాలామందిని చూశా. మీ సంతోషం కోసం ఆయన మాటను వదులుకోకండి.

పెన్నమ్మ (తాడిపత్రి)
నా సంతోషం కోసమా? వారానికి మూడుసార్లు బస్సులో ఎత్తి కూర్చోబెట్టి తీసుకపోయేది నేను. ఉద్యోగమని ఊరొదిలిన మా తమ్ముడు కాదు. ఆయనకు ఎప్పుడు దప్పికైతాదో, ఎప్పుడు కాలు లాగుతాదో మొగం చూస్తే చెప్తా. నీళ్లు అడగడం నేర్పాల్సిన పని లేదు, నేనుండాను. ఆయనకు మిగిలింది ఆ పాట ఒక్కటే. ఆ పాట పాడేటప్పుడు ఆయన రోగి కాదు, గురువు. అదీ ఆపేస్తే ఇంగేముంది ఆయనకు?

నైట్‌డ్యూటీ (కడప)
అక్కా, మీరు లేని రాత్రి ఒకటి వస్తుంది. మీకూ జ్వరం వస్తుంది. మా వార్డులో మాట రానివాళ్ల పక్క బట్టలు తడిసేదాకా మాకు తెలియని రోజులుంటాయి.

వాగ్ధార (కర్నూలు)
ఇప్పుడు అసలు సంగతికి వచ్చాం. ఆయనకు ఏది ముఖ్యమో మీరు చెప్తున్నారు, నేను చెప్తున్నాను, ఆ థెరపిస్టు చెప్తోంది. ముగ్గురం ఆయన నోటితోనే మాట్లాడుతున్నాం.

రాగసుధ (కడప)
కన్నకూతురి కంటే ఎవరికి తెలుస్తుందండీ?

లెక్కలసారు (అనంతపురం)
ఆయనకు అర్థమవుతాది కదా. అడగొచ్చు కదా.

పెన్నమ్మ (తాడిపత్రి)
ఎట్ల అడగల్ల? దేనికైనా తల ఊపుతాడు.

వాగ్ధార (కర్నూలు)
తల ఊపడం ఒక్కదాన్నీ నమ్మకండి. ముందు జవాబు మీకు తెలిసినవి అడగండి. ‘ఇది తాడిపత్రా’, ‘ఇది కర్నూలా’ అని. సరిగ్గా ఊపుతున్నారో లేదో చూడండి. తర్వాత బొమ్మలు పెట్టండి. భజన చేసేవాళ్ల ఫోటో ఒకటి, చెంబు నీళ్ల ఫోటో ఒకటి, మీ తమ్ముడితో ఫోనులో మాట్లాడుతున్నట్టు ఒకటి. థెరపీలో ఏది కావాలో చేత్తో చూపమనండి. పొద్దున ఒకసారి, రెండు రోజులాగి బొమ్మల చోటు మార్చి ఇంకోసారి. రెండుసార్లూ ఒకటే చూపితే అది ఆయన మాట. దాన్ని ఆమె ముందు పెట్టండి. భజనే చూపితే, సెషన్ చివర్లో పాటకు కొంత సమయం అడగండి. ఆమె ఒప్పుకోకపోతే ఎందుకో ఆయన ముందరే చెప్పమనండి.

పెన్నమ్మ (తాడిపత్రి)
భజన ఫోటో ఉంది. చెంబుది తీస్తా. పాట ఆపడం తప్పేనని నేనిప్పటికీ అంటాను. తమ్మునితో ఫోను మాట మాత్రం నాకు తట్టలేదు. వాడు ఫోను చేసినప్పుడల్లా నాయన నా చేతిలోంచి గుంజుకుంటాడు.